మంచులో వచ్చి మా ఫర్నేస్ వెలిగించిన అన్నకు

అమెరికాలోని మిన్నియాపోలిస్‌లో మంచు తుఫాను. ఇంటిని వెచ్చగా ఉంచే గ్యాస్ ఫర్నేస్‌లో చిన్న ఫ్యాన్ తిరుగుతోంది కానీ మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రబడదు, మంట రాదు. ఇంట్లో పసిపాప, ఒకటే టెన్షన్. అన్నా, ఫోన్ చేయగానే వచ్చేశారు. ముందు గ్యాస్ వాసన లేదని చూసుకుని, మూత తీసి, లోపం ఎక్కడుందో చెప్పే బోర్డు మీది లైటు ఎన్నిసార్లు వెలుగుతోందో లెక్కపెట్టి, గాలి ఒత్తిడిని చూసే ప్రెషర్ స్విచ్ దగ్గరే ఆగిందన్నారు. తిన్నగా బయటికెళ్లి, గోడలోంచి వచ్చే తెల్ల పీవీసీ పైపుల మూతికి గడ్డకట్టిన మంచును తవ్వి తీశారు. పొగ పోయే దారి మూసుకుంటే ఆ స్విచ్ మంటను రానివ్వదట. అది మన ప్రాణాలు కాపాడేది, ఆ స్విచ్ పనిచేయకుండా దాన్ని దాటేసి వైరుతో కలిపేయమని ఎవరు చెప్పినా వినొద్దన్నారు. పవర్ ఒకసారి ఆపి, మళ్లీ వేయగానే ఇగ్నైటర్ నారింజ రంగులో మెరిసి, బర్నర్లు వరసగా అంటుకున్నాయి. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం కూడా నొక్కి చూసి మరీ వెళ్లారు. మీ మేలు మరిచిపోలేం అన్నా.