అక్కాయ్ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ గోపీ,

ముందు నన్ను తిట్టడం ఆపు. నీ ఉత్తరం సంక్రాంతికి వచ్చింది, ఇప్పుడు రోహిణి కార్తె ఎండలు. మధ్యలో రెండుసార్లు రాయబోయి ఆపేశాను, తప్పు నాదే. అందరం బాగున్నాం. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. ఆఫీసు ఎప్పటిలాగే. నూజివీడు రసాలు దిగాయి, నువ్వు లేవు. నీ సైకిల్ ఇంకా మా మేడ మీదే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు, టెన్షన్ పడకు. ఇక అసలు సంగతి. ఇది నీకు కాక ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు.

మా బావ టోక్యో నుంచి వస్తూ నాకో పెట్టె తెచ్చాడు. గన్‌డమ్ అనే జపాన్ కార్టూన్‌లో రోబో కావాలని చిన్నప్పుడు ఎంత గొడవ చేసేవాణ్ణో నీకు తెలుసు కదా, అదే, బండాయ్ అనే బొమ్మల కంపెనీ వాళ్ళ ప్లాస్టిక్ కిట్టు, ముక్కలు మనమే బిగించుకోవాలి. కానీ కత్తీ డాలూ పట్టుకుని ఛాతీ విరుచుకుని నిలబడే హీరో రోబో కాదురా. దీని పేరు అగ్గాయ్, శత్రువుల పక్షం. ఒళ్ళంతా గోధుమ రంగు, మెడ లేదు, బోర్లించిన సత్తు గిన్నెలాంటి తల, ముందుకు పొడుచుకొచ్చిన మూతి, ఒంటికన్ను, వేళ్ళ బదులు గోళ్ళు. కథలో అయితే నీళ్ళలో దాక్కుంటూ వెళ్ళి అవతలివాళ్ళ స్థావరంలో దూరే గూఢచారి, ఎత్తు 19.2 మీటర్లు. నాకొచ్చింది అందులో నూరో వంతు, జానెడు లోపే. యుద్ధానికి చేసిన యంత్రమే, కానీ చూడగానే ఎత్తుకుని ముద్దు చేయాలనిపిస్తుంది. అమ్మకి పేరు చెప్తే "ఏ అక్కాయ్‌రా, ఎప్పుడొస్తోంది?" అంది. అంతే, ఆ రోజు నుంచి మా ఇంట్లో అది అక్కాయే. నీకు వేరే అక్కాయ్ గుర్తొస్తే నా తప్పు కాదు.

పెట్టె నిండా ప్లాస్టిక్ చట్రాలు, వాటినే రన్నర్లంటారు. ముక్కలన్నీ వాటికే అతుక్కుని ఉంటాయి, చట్రానికో అక్షరం, ముక్కకో నంబరు. రంగు ప్లాస్టిక్‌లోనే ఉంది, జిగురు అక్కర్లేదు, నొక్కితే ఒకదాంట్లో ఒకటి కూర్చుంటుంది. పుస్తకమంతా జపనీస్‌లోనే ఉన్నా బొమ్మలు చూసి చేసేయొచ్చు. ముక్కని ముందు కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొటిమని తర్వాత మెల్లగా కోసి, 400, 800, 1000 నంబర్ల సాండ్ పేపర్‌తో వరసగా రుద్దాలి. తొందరపడి ఒకేసారి మొదలంటా కోశావో, అక్కడ తెల్లగా పాలిపోయి మచ్చ పడుతుంది. నాలుగు రాత్రులు ఇదే పని. నాన్న రిపేరు షాపులోని నిప్పర్, అదే చిన్న కటింగ్ ప్లయర్, వాడుకున్నాను, అడగలేదు. ఆయన చూశాడు కానీ ఏమీ అనలేదు. గవర్నరుపేటలో షాపు మూసేసి రెండేళ్ళయిందిరా. ఇప్పుడు టీవీ చెడిపోతే ఎవరూ బాగుచేయించుకోవట్లేదు, కొత్తది కొంటున్నారు. నాన్న పొద్దున్నే పేపర్ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతాడు, తర్వాత మళ్ళీ ముందుకొచ్చి... షట్టర్ దించిన రోజు నువ్వు కూడా ఉన్నావు కదా, ఆ రోజు ఆయన తాళం చేత్తో పట్టుకుని, సర్లే.

శుక్రవారం రాత్రికి తల, ఒళ్ళు, చేతులు అయిపోయాయి, కాళ్ళు కూడా పెట్టేశాను. ఈ బొమ్మకి పేరొచ్చిందే ఒక కూర్చునే తీరుతో. మోకాళ్ళు ముడుచుకుని, రెండు చేతులతో కౌగిలించుకుని, బడిలో డ్రిల్లు పీరియడ్లో పిల్లలు కూర్చున్నట్టు కూర్చుంటుంది. అది చూడాలనే ఇన్నాళ్ళ తపన. కుడి మోకాలు చక్కగా ముడుచుకుంది. ఎడమది సగంలో ఆగిపోయింది. కొంచెం నొక్కాను, ఇంకొంచెం నొక్కాను, ప్లాస్టిక్ మీద సన్నగా తెల్లగీత కనబడింది, నా గుండె జారిపోయింది. అప్పుడు పుస్తకం తిరగేస్తే తెలిసింది, మోకాలి లోపలి ముక్క ఎడమా కుడీ మార్చేశాను. విడదీద్దామంటే గోరు దూరేంత సందు కూడా లేదు. చెమటకి వేళ్ళు జారుతున్నాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

నాన్న టార్చిలైటు పట్టుకుని వచ్చాడు. "ఏమైందిరా?" అన్నాడు. చెప్పాను. టార్చి నా చేతికిచ్చి, కాలు తన చేతిలోకి తీసుకుని, అతుకు వెంట బొటనవేలు ఒక చుట్టు తిప్పాడు. "స్క్రూ కనబడకపోతే లోపల పిన్నులుంటాయి. ముందు పిన్నులెక్కడున్నాయో తెలుసుకోవాలి, తర్వాతే చెయ్యి వెయ్యాలి" అన్నాడు. ఆ జపనీస్ పుస్తకంలో బొమ్మ చూసి నాలుగూ ఎక్కడున్నాయో వేలితో చూపించేశాడు గోపీ, ఒక్క నిమిషంలో! లోపలికెళ్ళి పాత బిస్కెట్ల రేకుడబ్బా తెచ్చాడు. అందులో విరిగిన హాక్‌సా బ్లేడు ముక్క ఉంది, పళ్ళు అరగదీసి, అంచు కాగితంలా చేసి, పట్టుకునే చోట ఇన్సులేషన్ టేపు చుట్టింది. రిమోట్లు, రేడియో క్యాబినెట్లు గీత పడకుండా విప్పడానికి తనే చేసుకున్నాడట. పిన్ను పక్కన దాన్ని దూర్చి రవ్వంత మెలిపెట్టి, తీసేసి, ఇంకో పిన్ను దగ్గర రవ్వంత. ఒకే చోట బలం పెడితే పిన్ను లోపలే విరిగిపోతుందట. నాలుగు చుట్లు తిరిగాక టక్‌మని ఊడొచ్చింది. అంచు మీద చిన్న గాటు కూడా లేదు.

నాకిచ్చేసి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు, కుర్చీ లాక్కున్నాడు. "పిన్నుల కొసలు ఏటవాలుగా కొయ్యి, మళ్ళీ విప్పాల్సొస్తే సులువు" అన్నాడు. ఈ కిట్లు చేసేవాళ్ళు వాడే చిట్కా అచ్చం అదేరా! ఆయనకెవరు చెప్పారు?

తర్వాత ఎన్ని ప్రశ్నలడిగాడో. ఇది దొంగచాటుగా ఎలా వెళ్ళగలదన్నాడు. జాకూ అని వాళ్ళదే ఇంకో రోబో ఉంది, దాని రియాక్టర్‌నే దీనికి వాడారు, అందుకే వేడి తక్కువ పుడుతుంది, అవతలివాళ్ళు పసిగట్టలేరు అని చెప్పాను. నాన్న చాలాసేపు ఆలోచించి, "అంటే పాత సెట్టులో పవర్ సప్లై తీసి కొత్త క్యాబినెట్లో పెట్టారన్నమాట. మంచి పని" అన్నాడు. ఆ ముఖం నువ్వు చూసి ఉండాల్సింది. చేతులు ఒకదాంట్లోంచి ఒకటి సాగుతుంటే "ట్రాన్సిస్టర్ యాంటెన్నా!" అన్నాడు. మొదటి గన్‌డమ్ కిట్టు 1980 జులైలో 300 యెన్లకి వచ్చిందని చెప్తే, తను రేడియో షాపులో పనికి చేరింది కూడా ఆ ఏడే అన్నాడు. నాకిన్నాళ్ళూ తెలీదు, నేనెప్పుడూ అడగలేదు.

కరెంటొచ్చాక ఫ్యాన్ వేస్తే చిన్న స్టిక్కర్లు ఎగిరిపోతాయని ఆపేయించాడు. బెజవాడలో, ఈ ఎండల్లో, ఫ్యాన్ లేకుండా ఇద్దరం రెండున్నర దాకా! అప్పుడు కూర్చుందిరా అక్కాయ్. రెండు మోకాళ్ళూ ముడుచుకుని, చేతులు చుట్టుకుని, ఒంటికన్నుతో మమ్మల్నే చూస్తూ. నాన్న దాన్ని తీసుకెళ్ళి మర్ఫీ రేడియో మీద పెట్టాడు. ఆ రేడియో మీద ఏమైనా పెడితే నీకూ నాకూ ఏం జరిగేదో గుర్తుందా? పొద్దున్న అమ్మ చూసి, కాటుకతో దిష్టిచుక్క పెట్టింది.

ఇంకా ఉంది, ఇవాళ మధ్యాహ్నం నుంచి నాన్న దాని కంట్లో ఎర్ర ఎల్ఈడీ పెడతానని కూర్చున్నాడు. బటన్ సెల్లుకి రెసిస్టర్ వెయ్యాలా అక్కర్లేదా అని పేపర్ అంచున లెక్కలు వేస్తున్నాడు. ఇల్లంతా మళ్ళీ టంకం పెట్టేటప్పుడు వచ్చే ఆ రోజిన్ వాసన, నువ్వు షాపుకొచ్చినప్పుడల్లా గట్టిగా పీల్చేవాడివే, ఆ వాసన. నీ చెల్లెలి పెళ్ళి సంగతి కూడా అడగాలనుకున్నాను, దానికంటే ముందు నువ్వు రాసిన ఆ

పిలుస్తున్నాడు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కిందట, తల కదలకుండా పట్టుకోవడానికి మనిషి కావాలట. ఉంటాను.

నీ
రాము