చెన్నపట్నం కథలో చంద్రగిరి చోటు

సంపాదకులకు,

నమస్కారం. తిరుమలలో స్వామి దర్శనం ముగించుకుని, మరునాటి రాత్రి చెన్నై నుంచి విదేశానికి విమానంలో వెళ్లవలసిన నేను, మధ్యలో మిగిలిన సమయంలో చంద్రగిరి కోటలోని రాజమహల్‌ను చూశాను. అక్కడ కలిగిన ఆలోచనలను మీ పాఠకుల ముందుంచి, వాటి ఆధారంగా మీ పత్రికకు ఒక విన్నపం చేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

నిజానికి నేను ఆ కోటకు చరిత్ర మీద ఆసక్తితో వెళ్లలేదు. విమానానికి ఇంకా చాలా వ్యవధి ఉంది, చంద్రగిరి తిరుపతికి కూతవేటు దూరంలో ఉంది, అంతే. "అక్కడ ఏముంది సార్, ఖాళీ మేడ తప్ప" అని కారు నడిపే అబ్బాయి అన్నప్పుడు నేనూ అదే అనుకున్నాను. కోట ప్రాకారం దాటి, వెనుక నిలిచిన బండరాతి కొండ నేపథ్యంలో మూడంతస్తుల ఆ మేడను చూసిన క్షణం నుంచి మాత్రం చేతి గడియారం వైపు చూడడానికి మనసు ఒప్పలేదు.

ముఖభాగమంతా వరుసగా తీర్చిన కమానులు సుల్తానుల కట్టడాలను గుర్తుకు తెస్తుంటే, పైకప్పు మీద లేచిన శిఖరాలు మన ఆలయ విమానాలను తలపిస్తాయి. ఇంత పెద్ద భవనంలో ఎక్కడా కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, వీటితోనే మూడంతస్తులూ లేపారు. దూలం లేకుండా పైకప్పు నిలవాలంటే బరువునంతా కమానుల మీదుగా స్తంభాలకు, స్తంభాల నుంచి నేలకు దించాలి. లోపల నిలబడి తలెత్తి చూస్తే ఆ బరువు ఎటునుంచి ఎటు దిగుతోందో కంటికి కనిపిస్తుంది. హంపీ వెళ్లినవారికి తెలుసు, అక్కడ రాజులు నివసించిన మహళ్లలో చాలావాటికి పైనున్న కలప కట్టడం నశించి, రాతి పునాదులు మాత్రమే మిగిలాయి. ఆ పునాదుల చుట్టూ తిరిగి నిట్టూర్చిన నాకు, విజయనగర ప్రభువుల మేడ ఒకటి ఇక్కడ ఇంత నిండుగా నిలబడి ఉండడం చూసి కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

దీనిని చాలామంది శ్రీకృష్ణదేవరాయల మహలు అంటారు. ఆయన యౌవనం కొంతకాలం చంద్రగిరిలో గడిచిందని జనశ్రుతి. ఈ కోటకూ విజయనగర సింహాసనానికీ ఉన్న సంబంధం ఆయన కంటే పాతది. 1485లో ఆ సింహాసనాన్ని చేజిక్కించుకున్న సాళువ నరసింహుడు చంద్రగిరి ప్రభువే. అయితే ఇప్పుడు మనం చూస్తున్న మేడ, దాని నిర్మాణశైలిని బట్టి, ఆ తరువాత విజయనగరాన్ని చివరగా ఏలిన అరవీటి వంశపు కాలానిదని శిల్పచరిత్రకారుల అభిప్రాయం. 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత రాజధాని హంపీని వదిలి పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి తరలింది. 1586 నుంచి 1614 వరకు పాలించిన వేంకటపతిరాయలు కొన్నేళ్లు ఇక్కడి నుంచే రాజ్యమేలాడు. క్రైస్తవ మతగురువులు ఆయన కొలువుకు వచ్చినది కూడా చంద్రగిరికే. ఆ రాయల రాగి విగ్రహం తిరుమల ఆలయంలో ఉంది. రాణులతో కూడిన కృష్ణదేవరాయల విగ్రహాలను చూసి గుర్తుపట్టే భక్తులు ఎందరో ఉన్నారు. వేంకటపతిరాయల విగ్రహాన్ని గుర్తించేవారు మాత్రం అరుదు. అంతకుముందు రోజు నేను కూడా ఆయన ముందు నుంచే నడిచిపోయాను, ఎవరని అడగలేదు. మరునాడు ఆయన నగరులో నిలబడినప్పుడు ఆ సంగతి నన్ను బాధించింది.

ఇక నన్ను ఈ లేఖకు పురికొల్పిన అసలు విషయం. 1639లో ఫ్రాన్సిస్ డే అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సముద్రతీరాన ఒక ఇసుకపట్టీ మీద కోట కట్టుకునేందుకు అనుమతి సంపాదించాడు. ఆ అనుమతి ఇచ్చినవాడు దామర్ల వేంకటాద్రి నాయకుడు, పెద వేంకటరాయల సామంతుడు. ఆ పెద వేంకటరాయలను చరిత్ర పుస్తకాలు చంద్రగిరి రాజు అనే వ్యవహరిస్తాయి. వేంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదనే చెన్నపట్నం అన్న పేరు వచ్చిందని ప్రసిద్ధి. ఆ ఒప్పందం జరిగినది ఈ రాజమహల్‌లోనేనని స్థానికంగా గట్టి నమ్మకం ఉంది. పత్రం మీద సంతకం ఏ గదిలో జరిగినా, అది జరిగిన రాజ్యం చంద్రగిరిది. మరో ఏడేళ్లకు, 1646లో, ఆ రాజ్యం గోల్కొండ వశమైంది. ఇచ్చిన రాజ్యం పోయింది, ఇచ్చిన ఇసుకపట్టీ మహానగరమైంది.

ఆ సాయంత్రం చెన్నై దారిలో నా మనసు ఈ రెండు ఊళ్ల మధ్యే తిరిగింది. విమానం పైకి లేచి సముద్రం వైపు మళ్లినప్పుడు, ఒడ్డు వెంట బారులు తీరిన దీపాలను చూస్తూ, ఆ నేలను కొలిచి ఇచ్చిన వారు తెలుగు మాట్లాడేవారన్న సంగతి మా పిల్లలకు ఎప్పుడైనా చెప్పానా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. చెప్పలేదు. నాకే సరిగా తెలియదు గనుక.

ఆగస్టు 22న చెన్నై తన పుట్టినరోజు జరుపుకుంటున్నప్పుడు పత్రికలు ఫ్రాన్సిస్ డే గురించి, సెయింట్ జార్జి కోట గురించి విరివిగా రాస్తాయి. నేను ఇంతవరకు చదివిన వ్యాసాల్లో చంద్రగిరి పేరు ఒక వాక్యానికి మించి కనిపించలేదు. పర్యాటక పేజీల్లోనూ "తిరుపతి చుట్టుపక్కల చూడదగిన ప్రదేశాలు" అన్న పట్టికలో అది ఒకటిగా మిగిలిపోతోంది. దర్శనానికి వచ్చి, తిరుగు విమానమో రైలో అందుకోవాలన్న తొందరలో ఉండే మాబోటివాళ్లకు ఆ ఒక్క వాక్యం వల్ల కాలు కదలదు. ఎవరి మేడ, ఎప్పటిది, కలప లేకుండా ఎలా నిలిచింది, ఇక్కడి ప్రభువులు ఏ పట్నానికి నేల ఇచ్చారు అని ముందుగా తెలిస్తే కదులుతుంది. శుక్రవారం మహల్‌లోని మ్యూజియానికి సెలవన్న చిన్న విషయం కూడా అందులో చేర్చితే, ఆశతో వెళ్లి గుమ్మం నుంచి వెనుదిరిగే బాధ తప్పుతుంది.

కనుక వచ్చే ఆగస్టులో చెన్నపట్నం గురించి మీరు ప్రచురించే వ్యాసాలకు ముందు, చంద్రగిరి గురించి ఒక పూర్తి పేజీ కేటాయించవలసిందిగా కోరుతున్నాను. దామర్ల నాయకుల గురించి, అరవీటి రాజుల చివరి ఎనభై ఏళ్ల గురించి చరిత్ర ఆచార్యులతో రాయించండి. రాజమహల్ లోపలి కమానుల ఛాయాచిత్రాలు తప్పకుండా వేయండి. బయటి నుంచి తీసినవి అందరూ చూసినవే.

ఇట్లు,
మీ పాఠకుడు