చలి డిగ్రీల పక్కన గాలి సంగతి కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

చలికాలం వస్తే చాలు చింతపల్లిలో ఎన్ని డిగ్రీలు, లంబసింగిలో ఎన్ని, అరకులో ఎన్ని అని మీరు రోజూ వేస్తారు, మేం అది చూసే స్వెట్టర్లు సర్దుకుని బయల్దేరతాం. మొన్న శని ఆదివారాలు కూడా అంతే, అరకులో హాట్ ఎయిర్ బెలూన్లు ఎగరేస్తున్నారని తెలిసి నేనూ మా బావా కెమెరా, ట్రైపాడ్ కార్లో పడేసి శుక్రవారం సాయంత్రమే ఘాట్ ఎక్కేశాం. 2017 నవంబర్‌లో, మళ్లీ 2019 జనవరిలో అక్కడ బెలూన్ ఫెస్టివల్ జరిగినప్పుడు సెలవు దొరక్క మిస్సయ్యాను, ఆ కసి ఉంది. బావ అయితే కిరండూల్ ట్రైన్‌లో అద్దాల బోగీ ఎక్కుదాం అన్నాడు గానీ అది పొద్దున్న వైజాగ్‌లో బయల్దేరి అరకు చేరేసరికి ఎండెక్కిపోతుంది, బెలూన్లు అందాకా ఆగవు కదా.

శనివారం నాలుగున్నరకే లేచి గ్రౌండ్‌కి పోయాం. వేళ్లు కొంకర్లు పోతున్నాయి, లెన్స్ తుడిచిన కొద్దీ చెమ్మ పట్టేస్తోంది, చిన్న పిల్లల్ని దుప్పట్లో చుట్టి ఎత్తుకుని నిలబడ్డవాళ్లున్నారు, ఏడు దాటాక ఒకాయన వచ్చి పైన గాలి ఎక్కువుంది, ఇవాళ లేదండీ అనేసి పోయాడు. ఎగరెయ్యనందుకు నాకేం కోపం లేదు. బెలూన్‌కి స్టీరింగ్ ఉండదు, గాలి ఎటు తోస్తే అటే, పైలట్ చేతిలో ఉన్నదల్లా మంట పెంచి పైకెళ్లడం, వేడి వదిలి దిగడం. ఎండ ముదిరితే కొండల మధ్య గాలి కదలడం మొదలవుద్ది కాబట్టే తెల్లారగానే లేపుతారు, పైగా చల్లగాలి బరువు ఎక్కువ, అందులో వేడిగాలి సంచీ తేలిగ్గా లేస్తుంది. కానీ కింద ఆకు కూడా కదలనప్పుడు పైన గాలుందని మాలాంటోళ్లకి ఎలా తెలుస్తుందండీ?

ఆదివారం లేచాయి, మూడే. మంట వేసిన ఆ రెండు మూడు సెకన్లే బెలూన్ లోపల్నుంచి లాంతరులా వెలుగుద్ది, తర్వాత మళ్లీ చీకటి గుడ్డే, నేను బర్స్ట్ మోడ్‌లో నూట ఎనభై ఫొటోలు తీస్తే వెలుగు సరిగ్గా దొరికినవి నాలుగు. బావ ఫోన్‌తో, వలిసె పూల మడి పక్కన కూర్చుని నీళ్ల గుంటలో బెలూన్ నీడ తీశాడు, అది నా నాలుగింటికన్నా బాగుంది. ఈ ఉత్తరం మీరు వేస్తే చదివేస్తాడేమో, పర్లేదు.

నేనడిగేది ఒకటే. శుక్ర, శనివారాల పేపర్లో ఆ డిగ్రీల పక్కనే మర్నాడు తెల్లవారుజామున అరకులో గాలి ఎంత ఉండొచ్చో వాతావరణ శాఖ అంచనా ఒక్క లైను వేయండి, గంటకి 15-20 కిలోమీటర్లు దాటితే మామూలుగా ఎగరెయ్యరు, ఇంట్లోనే తేల్చుకుంటాం. అరకు 2022 నుంచి అల్లూరి జిల్లాలోకి పోయింది, విశాఖ ఎడిషన్‌లో చోటెక్కడుంది అంటారేమో, డిగ్రీలకి ఉందిగా.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం