చిన్నీ, మణికట్టు సంగతి రాయి

నల్లగొండ
ఆదివారం పొద్దున

చిన్నీ,

ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. నాయినమ్మ మోకాళ్లు ఎప్పటిలెక్కనే. ఎర్రబర్రె ఈనింది, పెయ్యదూడ. నువ్వు ఫోన్ ఎత్తక ఇరవై రోజులాయె. టెన్నిస్ ప్రాక్టీస్ ఉంటదని నేనేం అనుకుంటలేను.

మొన్న దేవరకొండ బావ హైదరాబాద్ పోయొచ్చిండు. నీ కుడిచేతికి పట్టీ ఉందట, నీళ్ల సీసా ఎడమచేత్తోని ఎత్తుతున్నవట. నిజమేనా? నొప్పి చిటికెనవేలు దిక్కా, బొటనవేలు దిక్కా? తడిబట్ట పిండితే లాగుతదా? చిటికెనవేలు దిక్కయితే స్కాన్ తీయించు, ఆలస్యం చెయ్యకు. నొప్పి మాత్ర వేసుకొని కోర్టుకు దిగకు. నొప్పి తెల్వకపోతే ఎక్కడ ఆపాల్నో తెల్వది.

ఊళ్లె ఎండలు ముదిరినయి. ఉదయసముద్రంల నీళ్లు తగ్గినయి. అవునుగని, రాకెట్ గట్టింగ్, అదే అల్లిన తీగలు, ఎంత బిగువుకు కట్టిస్తున్నవు? పాలిస్టర్‌ది 55 పౌన్లకు బిగిస్తే నీ చేతికి ఎక్కువ, 50కి దించమను. అది తెగకున్నా సాగుడు పోతది, అప్పుడు బంతి దెబ్బంత మణికట్టు మీదికే. వారానికి ఎన్నిరోజులు ఆడుతవో ఏడాదికి కనీసం అన్నిసార్లు మార్చాలె. పిడి కూడ చూసుకో. పట్టుకున్నంక వేళ్ల కొసలకూ అరచేతికీ నడుమ రెండోచేతి చూపుడువేలు పట్టాలె. పట్టకుంటే పిడి సన్నం, జారుతదని గట్టిగ పిసుకుతవు, నరం వాస్తది. పిడికి చుట్టిన గ్రిప్ పట్టీ చెమటకు నానినా అంతే. పైచుట్టు పాతబడ్డదాన్నే సాగదీస్తవు, నాకు తెలుసు.

సానియా మీర్జాను యాదికి తెచ్చుకో. 2005 ఫిబ్రవరిల మన హైదరాబాద్‌లనే ఉక్రెయిన్ పిల్ల బొండరెంకోను మూడు సెట్లల్ల గెలిచి, డబ్ల్యూటీఏ (ఆడోళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్) సింగిల్స్ టైటిల్ కొట్టిన మొదటి భారత మహిళయింది. అదే ఏడు యూఎస్ ఓపెన్‌ల నాలుగో రౌండ్ దాకా పోయి షరపోవా చేతిల ఓడింది. 2007ల 27వ ర్యాంకు. ఆ ఫోర్‌హ్యాండ్ బలమంత చివరి క్షణంల మణికట్టు విసురుల ఉండేది. ఆ మణికట్టే 2008ల ఆపరేషన్ దాకా తెచ్చింది. బీజింగ్ ఒలింపిక్స్‌ల మొదటి మ్యాచ్‌లనే నొప్పికి ఆగలేక రెండో సెట్టుల తప్పుకుంది. మళ్ల 2009ల మహేశ్ భూపతితోని ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. 2013ల సింగిల్స్ వదిలి డబుల్స్ పట్టుకుంది. డబుల్స్‌ల కోర్టు సగం పంచుకుంటరు, ఉరుకుడు తగ్గుతది, బంతి బలానికన్న చోటుకే విలువ. 2015 ఏప్రిల్‌ల డబుల్స్‌ల ప్రపంచ నంబర్ వన్. స్విట్జర్లాండ్ మార్టినా హింగిస్‌తోని జోడీ కట్టి వరుసగ 41 మ్యాచ్‌లు ఓడలే, 2015 వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడూ ఇద్దరివే. కొడుకు పుట్టినంక కూడ తిరిగొచ్చి 2020ల ఆస్ట్రేలియాల హోబర్ట్ డబుల్స్ టైటిల్ గెలిచింది. ఆఖరి మ్యాచ్ 2023 ఫిబ్రవరిల దుబాయ్‌ల, అప్పటికి 36 ఏండ్లు. ఆట మార్చుకున్నది కాబట్టే అన్నేండ్లు ఆడింది బిడ్డా. సింగిల్స్ ఆడకుంటే నాయిన ఏమంటడో అని నువ్వు నొప్పి దాస్తున్నవా? నేనేమనను.

బంతిని ముందుపాదం కంటె ముందరనే తీసుకో. పక్కకొచ్చినంక కొడితే భుజం పని మణికట్టు చెయ్యాల్సొస్తది. ఐసు బట్టల చుట్టి పదిహేను నిమిషాలే పెట్టు, చర్మం కాలేదాక కాదు. పెరుగన్నం మానకు, రాత్రి పదకొండు దాకా ఫోన్ చూడకు.

మామిడికాయ తొక్కు, సకినాలు కార్గోల వేసిన. మీ అమ్మ నెయ్యి కూడ పెట్టింది, డబ్బా ఎనిమిది కిలోలాయె. రూమ్మేట్‌ను తోలుకపో, కుడిచేత్తోని ఎత్తకు. తీసుకున్నంక ఫోన్ చెయ్యి, ఏ దిక్కు నొప్పో అప్పుడన్న చెప్పు.

మీ నాయిన