తల కొడితే క్రిస్మస్ చెట్టు మళ్లీ అట్లా పెరగదు

సంపాదకులకు నమస్కారం.

మాది మిర్యాలగూడ. తొమ్మిదేళ్ల కింద మూరెడు ఎత్తున్న క్రిస్మస్ చెట్టు మొక్క కొనుక్కొచ్చి గేటు పక్కన పెట్టాను. ఎంత ఎత్తు పెరుగుతుందో నర్సరీ అతను చెప్పలేదు, నేనూ అడగలేదు.

దాన్ని సాకడానికి చాలా తిప్పలు పడ్డాను. మొదట్లో బోరు నీళ్లు పోస్తే మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది, కింది కొమ్మలు ఎర్రబడి ఎండిపోయాయి. ఈ చెట్టుకు కింద పోయిన కొమ్మ మళ్లీ రాదు. అప్పటినుంచి నల్లాకు కృష్ణా నీళ్లు వచ్చినప్పుడల్లా రెండు బిందెలు దానికే తీసిపెట్టేదాన్ని. మే నెల ఎండకు పాత చీర పందిరిలా కట్టాను. నిదానంగా కోలుకుని, అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ డాబా దాటింది. ఒక్కో అంతస్తులో కొమ్మలు గొడుగు ఊచల్లా చుట్టూ పరుచుకునేవి. డిసెంబర్ వస్తే ఎదురింటి పిల్లలు దానికి స్టార్ కట్టేవాళ్లు.

మొన్న నేను ఊరికి పోయి వచ్చేసరికి, తీగలకు తగులుతోందని కరెంటు సిబ్బంది దాని పైభాగం నరికేశారు. కోసిన చోట తెల్లటి జిగురు కారి గడ్డకట్టి ఉంది. చూసి ఏడుపొచ్చింది. వేపకో కానుగకో కొమ్మ కొడితే గుబురుగా మళ్లీ వస్తుంది. దీనికి నిటారుగా పోయే తల ఒక్కటే. అది పోతే ఆ రూపు పోయినట్టే. పక్క కొమ్మలు పక్కకే సాగుతాయి. వాటిని కోసి అంటు కట్టినా ఆ మొక్క కూడా పక్కకే పెరుగుతుంది.

తీగలు కాపాడటం వాళ్ల పని, కాదనను. నేను నాటిన చోటే తప్పు. మనం క్రిస్మస్ చెట్టు అనే ఈ అరౌకేరియా పసిఫిక్ సముద్రపు దీవులది. నార్ఫోక్ దీవిలో 50 మీటర్లు దాటిన చెట్లున్నాయి. అలాంటిదాన్ని తీగల కింద పెట్టాను.

మా కాలనీలో కొత్త ఇళ్ల ముందు కూడా సరిగ్గా తీగల కిందే ఇవే మొక్కలు కనబడుతున్నాయి. ఇంకా నడుం ఎత్తు దాటలేదు. వానలు పడగానే వేళ్ల చుట్టూ మట్టిగడ్డతో సహా తవ్వి పెరట్లోకి మార్చుకోండి. చోటు లేకపోతే పెద్ద కుండీలో ఉంచుకోండి, ఏళ్ల తరబడి బతుకుతుంది. లేదంటే మోర్‌పంఖీ అనే గుబురు మొక్క పెట్టుకోండి, దాన్ని గోడ ఎత్తుకు కత్తిరించుకున్నా ఓర్చుకుంటుంది. నర్సరీల వాళ్లు అమ్మేటప్పుడే ఎంత ఎత్తు పోతుందో చెప్పాలి.

కరెంటు సిబ్బందిని కూడా ఒకటి అడుగుతున్నాను. కొట్టే ముందు రోజు ఇంటివాళ్లకు ఒక్క మాట చెప్పండి. ఎదురింటి పిల్లలకైనా నేను ముందే చెప్పుకునేదాన్ని.

– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా