ఖాతా నంబరులో రెండు అంకెలు తారుమారైతే

సంపాదకుల వారికి నమస్కారాలు.

మా పొరుగు రైతుకు రావలసిన కొబ్బరికాయల సొమ్ము ఈమధ్య ముక్కూ మొహమూ తెలియని ఎవరి ఖాతాలోనో జమ అయింది. వ్యాపారి గుమస్తా ఖాతా నంబరును చీటీ మీద రాసుకునేటప్పుడు పక్కపక్కనున్న 8, 3 అంకెలను 3, 8గా రాసుకోవడమే ఇందుకు కారణం. నంబరును రెండుసార్లు కొట్టమని ఫోను అడుగుతుంది, నిజమే; చీటీలోనే తప్పుంటే రెండుసార్లూ అదే తప్పు పడుతుంది. అందరూ గుమస్తాను తిట్టారు గానీ, గణితం బోధించి పదవీ విరమణ చేసిన నాకు మాత్రం లోపం ఆ నంబరు నిర్మాణంలోనే కనిపిస్తోంది.

ఆధార్ సంఖ్యలోని 12 అంకెల్లో చివరిది, తక్కిన 11 అంకెల నుంచి లెక్కగట్టి చేర్చిన తనిఖీ అంకె. డచ్ గణితవేత్త వెర్హోఫ్ 1969లో ప్రకటించిన ఈ పద్ధతిలో ఒక అంకె తప్పుపడినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా ఆ సంఖ్య చెల్లదని వెంటనే తేలిపోతుంది. ఖాతా నంబర్లకు మన దేశంలోని బ్యాంకులన్నీ పాటించే అటువంటి ఉమ్మడి నియమం లేదు. ఆన్‌లైన్ బదిలీల్లో పేరుతో నిమిత్తం లేకుండా నంబరును బట్టే జమ చేయవచ్చని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. 2025 ఏప్రిల్ 1 నాటికి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ బదిలీల్లో గ్రహీత పేరు ముందుగా చూపాలన్న ఆదేశం మేలైనదే అయినా, చీటీలమీదా రసీదులమీదా నడిచే మన ఊరి లావాదేవీలకు అది అందదు.

ఇందుకు హైస్కూలు పిల్లలకు తెలిసిన భాజనీయతా సూత్రమే చాలు. అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9 గుణిజమే కనుక (పద్దులు రాసేవారికి ఇది పాత కిటుకే) అంకెల మొత్తం మారదు, 9తో చేసే తనిఖీ ఆ తప్పును పట్టలేదు. 11 అలా కాదు. 6589412ను 11తో హెచ్చవేస్తే 72483532 వస్తుంది. కుడి నుంచి బేసి స్థానాల్లోని 2, 5, 8, 2 కలిపినా, సరి స్థానాల్లోని 3, 3, 4, 7 కలిపినా 17 అవుతుంది. ఈ రెండు మొత్తాల తేడా సున్నా గానీ 11 గుణిజం గానీ అయితేనే సంఖ్య 11తో భాగింపబడుతుంది. ఇందులో 8, 3 తారుమారైతే మొత్తాలు 12, 22 అవుతాయి. వాటి తేడా 10, అది 11తో భాగింపబడదు. ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్కనున్న ఏ రెండు వేర్వేరు అంకెలు తారుమారైనా ఇదే జరుగుతుంది, ఎందుకంటే 11 ప్రధాన సంఖ్య. ఒక అంకె మారితే సంఖ్యలో వచ్చే తేడా, ఆ అంకెల భేదాన్ని (అది 9కి మించదు) పది ఘాతంతో గుణిస్తే వచ్చేదే; పక్క అంకెలు తారుమారైతే దాన్ని 9తో కూడా గుణించాలి. వీటిని ఎంత గుణించినా అందులో 11 రాదు.

కాబట్టి కోనసీమలోని సహకార సంఘాలు సభ్యత్వ నంబర్లనూ రసీదు నంబర్లనూ కొత్తగా వేసేటప్పుడు వరుస సంఖ్యను 11తో హెచ్చవేసి ముద్రించాలని నా మనవి. దీనికి యంత్రం అక్కరలేదు. నంబరు ఒకటి రెండు అంకెలు పెరుగుతుందంతే. ఖాతా నంబర్లకు ఇటువంటి ఉమ్మడి నియమం తేవలసింది మాత్రం రిజర్వు బ్యాంకే కనుక, ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా వారి దృష్టికి తీసుకురావలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
అమలాపురం