దుస్తుల విషయమై సభ్యులకు మనవి
అస్సలాము అలైకుమ్. సోదర సోదరీమణులకు,

సభకు చీరకొంగు తలపై కప్పుకుని వచ్చిన ఒక సోదరి ఫొటో ఈ గ్రూపులో పెట్టి, బురఖా ఎందుకు లేదని అడగడం కార్యవర్గాన్ని తీవ్రంగా బాధించింది. ఆ ఫొటోను తొలగించాం. కోస్తా జిల్లాల్లో ముస్లిం సముదాయమైన దూదేకుల కుటుంబాల స్త్రీలు తరతరాలుగా చీరే కడుతున్నారు. వారి దీన్‌ను (ధర్మనిష్ఠను) వస్త్రాన్ని బట్టి కొలిచే అధికారం మనలో ఎవరికీ లేదు. ఖురాన్‌లోని సూరా నూర్ అధ్యాయంలో చూపులు దించుకోమన్న ఆజ్ఞ 30వ ఆయతులో (వాక్యంలో) ముందుగా పురుషులకే వచ్చిందని, స్త్రీల ప్రస్తావన ఆ తర్వాతి ఆయతులో ఉందని పెద్దలు గుర్తుంచుకోవాలి.

ఇకపై దుస్తుల గురించి ఏదైనా చెప్పాల్సి ఉంటే, స్త్రీలకు మహిళా విభాగం బాధ్యులు, పురుషులకు కార్యదర్శి, ఏకాంతంగా, మర్యాదగా చెబుతారు. సూరా షూరా 38వ ఆయతు విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో సాగుతాయని చెబుతున్నందున, మహిళా సభ్యుల అభిప్రాయం తీసుకోకుండా అధ్యక్షులతో సహా ఎవరూ నియమాలు ప్రకటించరాదు. మసీదులో నమాజుకు వచ్చేటప్పుడు శుభ్రమైన, నిండైన దుస్తులు ధరించాలన్న పాత సూచన యథాతథంగా ఉంటుంది. టోపీ లేని యువకులను వెనక వరుసకు పంపడం మాత్రం వెంటనే ఆపాలి.

అభ్యంతరాలు ఉన్నవారు ఆదివారం అసర్ (సాయంత్రపు) నమాజు తర్వాత జరిగే కార్యవర్గ సమావేశానికి వచ్చి చెప్పగలరు.